నల్ల కాగితాల కర్టెన్లు

టార్క్విల్ మెకాస్కిల్‌ది ఒకటే జబ్బు. ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంటే తప్ప ఆయన దేన్నీ నమ్మడు. లోకంలో మిగతావాళ్లు దేవుణ్ణి నమ్ముతారు, పక్కింటివాణ్ణి నమ్ముతారు, మరీ గతిలేకపోతే వార్తాపత్రికను నమ్ముతారు. టార్క్విల్ మాత్రం సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడతాడు, జవాబివ్వడానికి ఆ చట్టం ప్రభుత్వానికిచ్చిన ఇరవై పనిదినాలూ ఓపిగ్గా ఆగుతాడు, జవాబు వచ్చాక దాన్ని కూడా నమ్మడు.

స్కెరవే దీవిలో ఇంటిపేర్లు మూడే. పోస్టుమాను పిచ్చెక్కకుండా బతకాలంటే ప్రతి మనిషికీ ఒక మారుపేరు ఉండి తీరాలి. అలా ఆయన ‘ఇరవై రోజుల టార్క్విల్’ అయ్యాడు. దీవి ఆచారం ప్రకారం మారుపేరు ఎవరిదో వాళ్ల చెవిన పడకూడదు. ఆయన చెవిన పడింది. వెంటనే ఎవరు పెట్టారో, ఏ తేదీన పెట్టారో రికార్డులు చూపించమని అడిగాడు.

ఈ జబ్బు భారం ఎక్కువగా మోసింది కొట్టు డొలీనా. దీవి మొత్తానికి ఉన్న ఒక్క కొట్టూ ఆమెదే. భర్త పోయాక ఒంటిచేత్తో నడుపుతోంది. టార్క్విల్ ఆమె తండ్రికి వేలువిడిచిన తమ్ముడు. అంటే చిన్నాన్న. అంటే తిట్టి పంపించడానికి లేదు.

“ఈ రొట్టె ఎప్పటిది?” అని రోజూ అడిగేవాడు.

“పొద్దుటిదే చిన్నాన్నా.”

“ఆధారం?”

“ముట్టుకుని చూడు, ఇంకా వేడిగానే ఉంది.”

“వేడి సాక్ష్యం కాదమ్మా. నిన్నటిదాన్ని పొయ్యి పక్కన పెట్టినా వేడెక్కుతుంది.”

“అయితే కొనకు.”

“కొననని ఎవరన్నారు? నేనలా అన్నట్టు రికార్డేమైనా ఉందా?”

ఎదుటివాళ్లు ఏదన్నా అడిగినా అంతే. “భోంచేశావా?” అంటే, తిన్న సంగతి మర్చిపోయిన రోజున “ఆ సమాచారం మా దగ్గర లేదు” అనేవాడు. పక్కింటివాళ్లు కిటికీలో చల్లారబెట్టిన ఆపిల్ పండ్ల రొట్టె తినేసి వచ్చిన రోజున “ఆ సమాచారం వెల్లడించలేం” అనేవాడు. ఈ రెండు జవాబులకూ తేడా తెలిసినవాళ్లకి దీవిలో ఏ దొంగతనం ఎవరు చేశారో తెలుసుకోవడం పెద్ద పని కాదు.

అసలు ఈ పిచ్చి ఎక్కించింది ప్రభుత్వమే. టార్క్విల్ ఫెర్రీలో తాళ్లు కట్టే పనిచేసి రిటైరైన మనిషి. రిటైరైన ఏడాదే ఒకరోజు, సముద్రం అద్దంలా ఉండగా, ‘సాంకేతిక కారణాల వల్ల’ ఫెర్రీ రద్దయింది. అందరూ తిట్టుకుని ఇళ్లకెళ్లారు. టార్క్విల్ మాత్రం ఆ సాంకేతిక కారణమేమిటో చెప్పమని అర్జీ పెట్టాడు. ఇరవయ్యో రోజు సాయంత్రం జవాబొచ్చింది. సిబ్బంది టీ కాచుకునే కెటిల్ కాలిపోయిందట. ఆ రోజు నుంచి టార్క్విల్ మళ్లీ మామూలు మనిషి కాలేదు. ఒక్క స్టాంపు ఖర్చుతో ప్రభుత్వం లోపల ఇంత వినోదం దొరుకుతుంటే టీవీ ఎందుకని అమ్మేశాడు.

ఆయనకి లోకంలో రెండో ఇష్టం ఒకటుంది. స్కెరవే చర్చిలో వాయిద్యాలు ఉండవు. ఒక మనిషి ముందు కుర్చీలోంచి లేచి కీర్తనలో ఒక్కో చరణం ఎత్తుకుంటాడు. జనమంతా వెనక అలలాగా అందుకుంటారు. ఎత్తుకునేవాడు తప్పితే అల విరిగి అందరి నెత్తినా పడుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ కుర్చీ టార్క్విల్‌ది. ఆయన గొంతులో దేవుడున్నాడని ముసలమ్మలు అనేవాళ్లు. ఆధారం అడగనిది ఆయన ఆ ఒక్క మాటకే.

ఇలా ఉండగా రాజధానిలో ఉన్న ఒక శాఖకి సముద్రం మీద జాలి కలిగింది. ఇకనుంచి ఏ పానీయం సీసాకైనా డబ్బాకైనా ఇరవై పెన్నీలు ఎక్కువ కట్టాలి, ఖాళీది తెచ్చిస్తే ఆ పెన్నీలు వెనక్కిస్తారు అని ప్రకటించారు. వచ్చే ఆగస్టు నుంచి అన్నారు. ఆగస్టు వచ్చింది. వచ్చే మార్చి నుంచి అన్నారు. సముద్రం ఆగింది. సముద్రానికి ఓపిక ఎక్కువ.

టార్క్విల్‌కి లేదు. స్కెరవే జనం ఖాళీ సీసాలు ఎక్కడ ఇవ్వాలని ఏర్పాటు చేశారో ఆ రికార్డులన్నీ పంపమని రాశాడు. ఒక లావుపాటి కట్ట వచ్చింది. అందులో ప్రతి పేజీనీ పైనుంచి కిందిదాకా నల్లసిరాతో కప్పేశారు, ఫలానా సెక్షన్ కింద గోప్యమని. చిట్టచివరి పేజీలో మాత్రం నలుపు వేసేవాడికి చెయ్యి నొప్పెట్టిందో ఏమో, ఒక లైను మిగిలిపోయింది. టార్క్విల్ దాన్ని కొట్లో నిలబడి చదివాడు.

“స్కెరవేకి అతి దగ్గరి వాపసు కేంద్రం, నాలుగు మైళ్లు.”

“నాలుగు మైళ్లా? మన దీవి పొడవే మూడు మైళ్లు కదా!” అంది డొలీనా.

“అవతలి ఒడ్డున సూపర్ బజారు ఉంది చూడు, అది. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచారు. దూరం సరిగ్గానే కొలిచారమ్మా, తప్పు పట్టకూడదు. మధ్యలో ఉన్న సముద్రాన్నొక్కదాన్నే వదిలేశారు.”

డొలీనాకి నవ్వు రాలేదు. సీసాలతో అవతలికి వెళ్లినవాడు సాయంత్రం ఫెర్రీ లేక రాత్రి అక్కడే పడుకోవాలి. పడుకున్నవాడు పొద్దున్నే పిండీ, టీ పొడీ అక్కడే కొనుక్కుని వస్తాడు. అప్పుడిక తన కొట్లో మిగిలేది టార్క్విల్‌కి స్టాంపులమ్మే వ్యాపారమొక్కటే.

టార్క్విల్ ఆ సాయంత్రమే శాఖకి రాశాడు. “మీ ఉద్యోగులు ఎవరైనా నీళ్ల మీద నడిచినట్టు రికార్డులుంటే దయచేసి నకళ్లు పంపగలరు.” అలాంటి సమాచారం తమ దగ్గర లేదని శాఖ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది. ఆ జవాబు ఎవరో విలేకరి చేతిలో పడింది. అవతలి ఒడ్డున పేపర్లో పడింది. సిగ్గుపడటం ప్రభుత్వానికి రాదుగానీ, సిగ్గుపడినట్టు యంత్రం పంపడం వచ్చు. డొలీనా కొట్టుకి సీసాలు మింగే యంత్రమొకటి వచ్చింది, శరదృతువు దాకా ప్రయోగానికని. చాలినన్ని సీసాలు పడితే ఉంటుంది. పడకపోతే ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి పోతుంది.

నల్ల కాగితాలని టార్క్విల్ పారేయలేదు. వంటింటి కిటికీలకి లోపలివైపున అంటించాడు. “వేసవిలో రాత్రి పదకొండింటిదాకా వెలుతురే. నిద్ర పట్టి చావదు. ప్రభుత్వం కర్టెన్లు ఉచితంగా పంపిస్తోంది, కాదంటానా?” అనేవాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి జవాబూ కిటికీకే ఎక్కింది.

ఇక యంత్రం సంగతి. సీసా వేస్తే అది ఒక హుషారైన పాట పాడుతుంది. ఇప్పటిదాకా నువ్వు ఎన్ని వేశావో అరచెయ్యంత అంకెల్లో వీధిలోకి కనపడేలా చూపిస్తుంది. పెన్నీలు పథకం మొదలయ్యాక ఇస్తారట. ప్రస్తుతానికి పాట మాత్రమే. దీన్ని తయారుచేసినవాడెవడో స్కెరవేలాంటి ఊళ్లో ఒక్కపూట కూడా ఉండి ఎరగడని చూడగానే తెలిసిపోయింది.

ఎందుకంటే చర్చి ఒప్పుకోదు కనక స్కెరవేలో తాగేవాళ్లెవరూ లేరు. ఖాళీ సీసాలు మాత్రం ఎలుకల్లాగా వాటంతటవే పుడుతుంటాయి. అటకల మీద, పొయ్యిలోకి ఎండబెట్టిన పీట్ మట్టిగడ్డల కుప్పల్లో, పిల్లలు పెద్దవాళ్లయిపోయిన ఉయ్యాలల్లో. చర్చి హాలు పక్కన గాజుసీసాల తొట్టి పెట్టినప్పుడు జనం ఒక్కో సీసానీ ఒక్కో ఉన్ని మేజోడులో దూర్చి తెచ్చేవాళ్లు, గలగలమనకుండా. ఎదురుపడితే “అమ్మమ్మకి మేజోళ్లు ఇవ్వడానికెళ్తున్నా” అనేవాళ్లు. ఎన్నాళ్లో కిందట పోయిన అమ్మమ్మలకి కూడా ఆ ఊళ్లో కాళ్లు వెచ్చగానే ఉండేవి.

అలాంటి ఊళ్లో పాడే యంత్రం. మొదటివారం పాపం అది ఒక్క పాటా పాడలేదు. ఆదివారం పూట దాన్ని ఆపేసి దుప్పటి కప్పేవాళ్లు. మిగతా రోజుల్లో కప్పకపోయినా అలాగే ఉండేది. అది ఫెర్రీ ఎక్కే రోజు డొలీనాకి కళ్లముందు కనపడసాగింది.

అప్పుడు టార్క్విల్ చెయ్యకూడని పని చేశాడు. శాఖకి ఇంకో అర్జీ పెట్టాడు. “ఒక వ్యక్తి ముప్ఫై విస్కీ సీసాలు తెచ్చి యంత్రంలో వేసినచో, వేసినది ఎవరో యంత్రం గుర్తుపెట్టుకొనునా? ఆ రికార్డు చూచుటకు ఎవరికి హక్కు కలదు? చర్చి పెద్దలకు కలదా?” జవాబు రాగానే కొట్టు నిండా జనం ఉన్నప్పుడు గొంతెత్తి చదివాడు.

“యంత్రం సీసాను గుర్తుపెట్టుకొనును. మనిషిని గుర్తుపెట్టుకొనదు.”

జనం జవాబు వినలేదు. ప్రశ్న విన్నారు.

“ముప్ఫై!” అన్నాడు ఎవాండర్. చర్చి పెద్దల్లో ఆయన పెద్ద. గొంతు తుప్పు పట్టిన గేటులా ఉంటుంది, అయినా కీర్తన ఎత్తుకునే కుర్చీ మీద ఆయనకి పాతికేళ్లుగా కన్ను. “ఉదాహరణ చెప్పేవాడు ఒకటంటాడు, రెండంటాడు. ముప్ఫై ఎవడంటాడు? ఇంట్లో లెక్కపెట్టుకున్నవాడంటాడు.”

“ఆయన పాలు తప్ప తాగడు కదండీ,” అంది డొలీనా.

“అదే మరి. అన్నేసి పాలు ఎవడు తాగుతాడమ్మా, ఏదో దాచాలని కాకపోతే?”

డొలీనా గిరుక్కున తిరిగి స్టాంపుల పెట్టె సర్దసాగింది. ఎందుకంటే ఆమె మెట్ల కింద నాలుగు ఖాళీ షెర్రీ వైన్ సీసాలున్నాయి. కేకులోకని కొన్నవి. కేకు చేసి మూడేళ్లయింది. సాయంత్రం కొట్టు కట్టేశాక ఒంటరిగా ఒక గ్లాసు, కిటికీకి వీపు పెట్టి. ఆ జవాబు విన్నాక ఆమెకి కొంచెం ధైర్యం వచ్చింది. ఊరంతా టీవీలో వాతావరణ వార్తలు చూసే సమయంలో నాలుగు సీసాలనీ చనిపోయిన భర్త మేజోళ్లలో దూర్చి టార్క్విల్ ఇంటి వెనక తలుపు తట్టింది.

“చిన్నాన్నా, ఇవి నాకు తెలిసిన ఒకావిడవి...”

“పేరు చెప్పకు!” టార్క్విల్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “చెప్తే ఆ సమాచారం నా దగ్గర ఉన్నట్టవుతుంది. ఉంటే అడిగినవాడికి ఇవ్వాలి. లేకపోతే లేదనొచ్చు. అక్కడ పెట్టేసి, నువ్వు రాలేదని వెళ్లిపో.”

వెనక్కి వస్తుంటే దారిలో కొత్త పాస్టరు నికల్సన్ గారు ఎదురయ్యారు, కోటు లోపల ఏదో ఉబ్బెత్తుగా. “గొర్రె తప్పిపోయిందమ్మా, వెతుకుతున్నా,” అన్నారు. ఆయనకి గొర్రెలు లేవన్న సంగతి డొలీనాకి ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకున్నాక గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే, ఊరంతా లేచి ఉండగా, టార్క్విల్ చక్రాల బండి తోసుకుంటూ నడివీధిలోంచి వచ్చాడు. బండి నిండా సీసాలు. మేజోళ్లు లేవు, గోనెపట్టా లేదు. ఆ గలగలకి కుక్కలు మొరిగాయి. యంత్రం పాడింది. మళ్లీ పాడింది. అంకె పెరుగుతూనే ఉంది. కిటికీల్లో తలకాయలు పెరుగుతూనే ఉన్నాయి. తన నాలుగూ అందులో పోవడం డొలీనా చూసింది. మిగతావి చూసి మనసు చివుక్కుమంది. నావి నాలుగే కదా, అనుకుంది. మిగిలినవన్నీ... అయ్యో చిన్నాన్నా.

బండి ఆ ఒక్కరోజుతో ఆగలేదు. రెండ్రోజులకోసారి వచ్చేది. కిటికీలకి నల్ల కాగితాలు ఎందుకో కూడా జనానికి అర్థమైపోయింది. తాగేటప్పుడు కనపడకుండా! యంత్రానికి కావాల్సినన్ని సీసాలు దాటిపోయాయి. అది ఇక్కడే ఉంటుందని శాఖ నుంచి కబురొచ్చింది. ఊరు సంతోషించి, వెంటనే టార్క్విల్‌ని వెలేసింది.

ఎవాండర్ చర్చిలో ఫిర్యాదిచ్చాడు. పాస్టరు గారు కొట్లోనే టార్క్విల్‌ని పక్కకి పిలిచి, చాలా ఇబ్బందిపడుతూ అడిగారు.

“ఆ సీసాలు మీవేనా అండీ?”

“వెల్లడించలేం. మూడో వ్యక్తి సొంత విషయాలు.”

“మూడో వ్యక్తా? ఉన్నది మనిద్దరమే కదా!”

“అందుకే వెల్లడించలేం,” అన్నాడు టార్క్విల్, పాస్టరు కోటు వైపు చూడకుండా.

పెద్దల సభ జరిగి తేలేదాకా టార్క్విల్ కీర్తన ఎత్తుకోకూడదని నిర్ణయమైంది. ఆ ఆదివారం ఎవాండర్ ఎత్తుకున్నాడు. ఎత్తుకున్న కీర్తన ఎటు వెళుతోందో ఆయనకే తెలియకపోతే జనం అందుకునేదెలా? మధ్యలో ఒక ముసలమ్మ లేచి, గేటెవరైనా వేసి రమ్మంది. టార్క్విల్ వెనక బల్ల మీద పెదాలు బిగించి కూచున్నాడు. కాలు మాత్రం దానంతటది తాళం వేస్తూనే ఉంది.

సోమవారం రొట్టె కొనడానికొచ్చాడు. డబ్బులు బల్ల మీద పెట్టాడు. రొట్టె తీసుకున్నాడు. వెళ్లిపోయాడు.

“చిన్నాన్నా!” డొలీనా గుమ్మం దాకా పరిగెత్తింది. “ఎప్పటిదో అడగలేదేం?”

“ఎప్పటిదైతేనేం లేమ్మా,” అన్నాడు టార్క్విల్.

ఆయన మలుపు తిరిగేదాకా డొలీనా గుమ్మంలోనే నిలబడి చూసింది. ఆ కుర్చీ పోతే ఈ మనిషి ఇక దేనికీ ఆధారం అడగడు. అలా అడగని మనిషి ఎన్నాళ్లో ఉండడు.

ఎవాండర్ మటుకు ఊరుకోలేదు. ముల్లును ముల్లుతోనే తియ్యాలని, టార్క్విల్ శాఖకి రాసిన ఉత్తరాలన్నీ పంపమని సమాచార హక్కు చట్టం కింద తనూ అర్జీ పెట్టాడు. ఇక రోజూ పోస్టుమానుకి ఎదురెళ్లడమే పని. “శనివారం పనిదినమేనా? బ్యాంకు సెలవు లెక్కలోకొస్తుందా?” అని కనపడినవాళ్లనల్లా అడిగేవాడు. ఊరు ఆయన్ని ‘రెండో టార్క్విల్’ అనడం మొదలుపెట్టింది, ఆచారం ప్రకారం ఆయన చెవిన పడకుండా. చివరికి కవరొచ్చింది. కొట్లో అందరి ముందూ విప్పాడు. పై నుంచి కింది దాకా నలుపు. కింద ఒక్క లైను: “మీ ఆసక్తికి ధన్యవాదాలు.”

టార్క్విల్ ఆ కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకి ఎత్తి చూశాడు. “మంచి మందం. నాకెప్పుడూ ఇంత మంచిరకం పంపలేదు. నువ్వు అదృష్టవంతుడివి, ఎవాండర్.”

“నవ్వుకో. గురువారం సభలో చూస్తా నీ నవ్వు.”

గురువారం సాయంత్రం సభకి ముందు డొలీనా ఒక రొట్టె పట్టుకుని టార్క్విల్ ఇంటి వెనక తలుపుకి వెళ్లింది, నోరు విప్పి నాలుగు మాటలు చెప్పుకోమని బతిమాలడానికి. తలుపు తీసే ఉంది. వంటింట్లోకి అడుగుపెట్టి అలాగే నిలబడిపోయింది.

నల్ల కాగితాల కర్టెన్ల వెనక, పీట్ పొయ్యి మీదుగా, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా తాళ్లు కట్టి ఉన్నాయి. ఫెర్రీ మనిషి కదా, ముళ్లు భేషుగ్గా వేశాడు. తాళ్ల నిండా మేజోళ్లు. ఉతికి, పిండి, ఆరేసిన ఉన్ని మేజోళ్లు. ఒంటివి, జంటవి, చారలవి, బూడిదరంగువి.

స్కెరవేలో ఎవరి అల్లిక ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. పైగా ఊలు అమ్మింది డొలీనాయే. అదిగో, పోస్టుమాను పెళ్ళాం పెట్టే నీలి అంచు. అదిగో, ఇద్దరు చర్చి పెద్దల ఇళ్లలోవి, పక్కపక్కనే, దేవుడి ముందు నిలబడ్డట్టు. అదిగో రెండు పేటల మడమ. అలా వేసేది ఊరు మొత్తానికి ఎవాండర్ పెళ్ళాం ఒక్కతే, ఆయన అడుగు బరువని. చివర్న గోధుమరంగు మీద ఆకుపచ్చ పట్టీ. తన మొగుడివి.

ఊరంతా విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు, అదే వెనక తలుపు తట్టారన్నమాట. వాళ్ల గొర్రెలన్నీ ఇక్కడే తప్పిపోయాయన్నమాట.

“ఇవెవరివి చిన్నాన్నా?”

టార్క్విల్ మంచి కోటు తొడుక్కుంటూ వచ్చాడు. “ఆ సమాచారం మా దగ్గర లేదు.”

“ఉతికావెందుకు?”

“వాసనమ్మా. అలాగే గుమ్మంలో పెట్టొస్తే వాటంతటవే సాక్ష్యం చెప్తాయి. ఈ వానకి ఊలు ఎంతకీ ఆరి చావదు. అందుకే తిరిగివ్వడం ఆలస్యమైంది. ఇరవై పనిదినాలు దాటిపోయాయి కూడా.”

“నీ కుర్చీ పోతుంటే చెప్పవా? ఆ సీసాల్లో నీదొక్కటీ లేదని చెప్పవా?”

“అర్జీలో ఒక్క పేరుంటే చాలమ్మా. చట్టం అంతే అడుగుతుంది.” పై గుండీ పెట్టుకున్నాడు. “ఊళ్లో అందరి పేర్లూ రాయాలంటే కాగితం పట్టదు.”

డొలీనా బట్టల బుట్ట తీసుకుని తాళ్ల మీదివన్నీ అందులోకి లాగేసింది.

“డొలీనా! అది గోప్య సమాచారం! అప్పీలుకి వెళతా!”

“వెళ్లు. ఇరవై రోజుల్లో జవాబిస్తా.”

చర్చి హాలు కిక్కిరిసి ఉంది. ఒకడి పరువు పోతుంటే చూడ్డానికి ఆ ఊరికి ఎప్పుడూ తీరికే. ఎవాండర్ లేచి, మద్యం మనిషినెలా దిగజారుస్తుందో చెప్పాడు. ముఖ్యంగా దాచుకుని తాగేవాణ్ణి. అక్కడక్కడ తలలు చాలా గట్టిగా ఊగాయి. అప్పుడు డొలీనా బల్ల దగ్గరికి నడిచి బుట్ట బోర్లించింది.

“ఇవి చిన్నాన్న ఇంట్లో ఆరేసి ఉన్నాయండీ. సీసాలకి చుట్టుకొచ్చినవి. శుభ్రంగా ఉతికాడు. చలికాలం వస్తోంది కదా, ఎవరివి వాళ్లు తీసేసుకుంటే తర్వాత ఓటు వేసుకోవచ్చు.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, హాల్లో అన్ని పాదాలూ ఒక్కసారి కుర్చీల కిందికి పోయాయి. ఎవరూ కదల్లేదు. గోడ మీద గడియారం తప్ప నిజం మాట్లాడేవాళ్లు లేరు.

డొలీనా కుప్పలోంచి ఆకుపచ్చ పట్టీవి రెండు జతలు ఏరి పైకెత్తింది. “ఇవి నావి. నాలుగు షెర్రీ సీసాలు. కేకులోకి కాదు.”

అంతలో వెనక వరసలోంచి ఎవాండర్ గారి భార్య లేచి, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. కుప్పలో చెయ్యి పెట్టి, రెండు పేటల మడమవి బయటికి లాగింది. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. సంచీలో పెట్టుకుంది.

“వేసవి మొదలైనప్పట్నుంచీ ఇల్లంతా గాలిస్తున్నానండీ,” అంది మొగుడితో, ఎంతో ప్రేమగా. “కుక్క ఎత్తుకుపోయిందన్నారు. పాపం దానికి అన్నం కూడా తగ్గించాను.”

ఎవాండర్ ముఖం చూసి గేటు కూడా జాలిపడేది. పాస్టరు గారు దగ్గారు. కుప్పలోంచి ఒక బూడిదరంగు మేజోడు తీసి కోటు జేబులో పెట్టుకున్నారు.

“మా అమ్మ అల్లింది,” అన్నారు. “దగ్గు మందుకి. సరే. ఎవాండర్ గారూ, ఫిర్యాదుకి ఆధారమేమైనా ఉందా?”

ఎవాండర్ గేటు గొంతులోంచి మెల్లిగా జవాబొచ్చింది.

“ఆ... సమాచారం నా దగ్గర లేదు.”

సభ ముగిసింది. మిగతా మేజోళ్లు బల్ల మీదే ఉండిపోయాయి. దీపాలార్పి, పాస్టరు గారు తలుపు తాళం వెయ్యడం కావాలని మర్చిపోయారు. తెల్లారేసరికి ఒక్కటీ లేదు.

ఆదివారం టార్క్విల్ ముందు కుర్చీలోంచి లేచి కీర్తన ఎత్తుకున్నాడు. జనం అందుకున్నారు. అంత గట్టిగా ఆ దీవి ఎప్పుడూ పాడి ఎరగదు. రుణం తీర్చుకోడానికి డబ్బు ఖర్చు కాని మార్గం దొరికితే ఏ ఊరైనా అంతే గట్టిగా పాడుతుంది.

సోమవారం కొట్లోకొచ్చాడు.

“ఈ రొట్టె ఎప్పటిది?”

డొలీనాకి ఆ మాట కీర్తన కంటే బాగుంది. “పొద్దుటిదే.”

“ఆధారం?”

“లేదు. కొంటావా, మానతావా?”

“కొంటా.” చంకలోంచి చుట్ట చుట్టిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. “పథకం మళ్లీ వాయిదా పడిందట, విన్నావా? ఎందుకు వాయిదా వేశారో చెప్పమని రాశా. ఇవిగో కారణాలు.”

చుట్ట విప్పి చూస్తే అన్నీ నలుపే. ఈసారి ఒక్క లైను కూడా మిగల్చలేదు. మూల నిలబడ్డ యంత్రం, పథకం లేకపోయినా, ఎవరో వేసిన నిమ్మరసం సీసాకి హుషారుగా పాడుతోంది. ఆ సీసాకి మేజోడు లేదు.

“ఇవన్నీ నాకెందుకు చిన్నాన్నా?”

“నీ వంటింటి కిటికీకి కర్టెన్ లేదు కదమ్మా,” అన్నాడు టార్క్విల్, రొట్టె చంకలో పెట్టుకుని గుమ్మం దాటుతూ. “సాయంత్రాలు కేకు చేసుకునేటప్పుడు ఇక గోడవైపు తిరిగి కూచోనక్కర్లేదు.”